గులకరాళ్ళు, పాత లెక్కలు, నేను చెరిపేసిన ఒక కాలమ్

పాత డేటా అనగానే మన ఆఫీసుల్లో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. "అదంతా చెత్త, కొత్తగా మొదలెడదాం" అనేవాళ్ళు ఒకరు. "టేబుల్లో ఉంది కదా, ఇంక అనుమానమెందుకు" అనేవాళ్ళు ఇంకొకరు. పోయినేడాది దాకా నేను రెండు పార్టీల్లోనూ ఉండేవాణ్ణి, డెడ్‌లైన్ ఎంత దగ్గర్లో ఉందన్నదాన్ని బట్టి. ఇప్పుడు రెండిట్లోనూ లేను. ఎందుకు లేనో చెప్పాలంటే ముందు నా ఘనకార్యం చెప్పుకోవాలి.

నేను చదివింది సివిల్. చేసేది సాఫ్ట్‌వేర్. (ఇందులో వింతేముంది, మా బ్యాచ్‌లో సగం మంది కథ ఇదే.) పోయినేడాది మా టీముకి ఒక అమెరికా క్లయింటు పని వచ్చింది. వాళ్ళ దగ్గర కొండవాగుల్లో దశాబ్దాలుగా కొలిచిన లెక్కలున్నాయి. ఏ రోజు ఎంత నీరు పారింది, వాగు అడుగున ఎంత రాయి దొర్లింది, ఇలాంటివి. అన్నీ రకరకాల స్ప్రెడ్‌షీట్లలో ఉన్నాయి. వాటన్నిటినీ శుభ్రం చేసి ఒకే డేటాబేసులోకి ఎక్కించాలి. "నువ్వు సివిల్ కదా, నీకు తెలుస్తుంది" అని మేనేజర్ నా నెత్తిన పెట్టాడు.

ఆ షీట్లలో "శాంప్లర్" అని ఒక కాలమ్ ఉంది. సగం ఖాళీ. మిగతా సగంలో హెచ్.ఎస్. అని ఒకచోట, హెచ్.ఎస్. 6 అని ఒకచోట, ట్రాప్ అని ఇంకోచోట, పొట్టి సంతకాల్లాంటి అక్షరాలు కొన్నిచోట్ల. పక్కనే "రిమార్క్స్" కాలమ్, అందులో "వల నిండిపోయింది", "అడుగు సరిగా ఆనలేదు" లాంటి వాక్యాలు. నేనేం చేశాను? దొర్లిన రాయి బరువు ఉంది, తేదీ ఉంది, ప్రవాహం ఉంది, ఇంకేం కావాలి అనుకుని ఆ రెండు కాలమ్‌లూ తీసి అవతల పడేశాను. అన్నిటినీ ఒకే యూనిట్లోకి మార్చి, ఒకే కాలమ్‌లో పెట్టి, గ్రాఫు గీసి పంపాను. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉందో!

రెండ్రోజుల తర్వాత కాల్‌లో క్లయింటు వైపు ఒక పెద్దాయన, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న హైడ్రాలజిస్టు, చాలా మెల్లిగా ఒకే ప్రశ్న అడిగాడు. "ఈ చుక్కల్లో ఏవి దేంతో పట్టినవి?"

నా దగ్గర జవాబు లేదు. అది ఎందుకు అడగాల్సిన ప్రశ్నో కూడా నాకు తెలీదు. డిగ్రీలో సెడిమెంట్ ట్రాన్స్‌పోర్ట్ మీద మంచి మార్కులే వచ్చాయి లెండి.

సరే, అసలు విషయానికొద్దాం. మనం కృష్ణలోనో గోదావరిలోనో చూసేది ఎక్కువగా ఇసుక, ఒండ్రు. నీళ్ళు ఎర్రగా ఉంటే ఒండ్రు పోతోందని చూస్తేనే తెలుస్తుంది. ఒక సీసాలో నీళ్ళు పట్టి, వడగట్టి, తూకం వేయొచ్చు. కొండవాగు సంగతి వేరు. దాని అడుగంతా గులకరాళ్ళు, గుండ్రాళ్ళు. ఏడాదిలో చాలా రోజులు అవి కదలవు. పైన మంచు కరిగి వాగు పొంగిన కొద్దిరోజుల్లో మాత్రం దొర్లుతాయి. అప్పుడు కూడా వరసగా కాదు. ఒక నిమిషం ఏమీ ఉండదు, మరుసటి నిమిషం గుంపుగా వస్తాయి. ఈ మూల దొర్లుతుంటే ఆ మూల నిశ్శబ్దం. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. ఇలా అడుగునే దొర్లుతూ పోయేదాన్ని బెడ్‌లోడ్ అంటారు. దీన్ని కొలవడం ఎంత కష్టమంటే, రోడ్డు పక్కన కళ్ళకి గంతలు కట్టుకుని నిలబడి, చేతిలో జల్లెడతో ఎన్ని బస్సులు పోయాయో లెక్క చెప్పమన్నంత.

1971లో అమెరికా జియలాజికల్ సర్వేకి చెందిన హెల్లీ, స్మిత్ అనే ఇద్దరు ఒక పరికరం తయారుచేశారు. ముందు 3 అంగుళాల చదరపు మూతి, వెనక సన్నటి వల సంచి. సంచి రంధ్రాలు సుమారు పావు మిల్లీమీటరు. దాన్ని వాగు అడుగున ఆనించి, అర నిమిషమో ఒక నిమిషమో ఉంచి, పైకి తీసి, పక్కకి జరిగి మళ్ళీ దించాలి. చవక, తేలిక, ఒక మనిషి మోసుకుపోవచ్చు. అందుకే ప్రపంచమంతా వాడారు. నేను పడేసిన కాలమ్‌లోని "హెచ్.ఎస్." అంటే ఇదే. "హెచ్.ఎస్. 6" అంటే దాని పెద్దన్న, 6 అంగుళాల మూతిది. రెండూ ఒకటి కాదు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. 4 సెంటీమీటర్ల గుండ్రటి రాయి ఒకటి తీసుకోండి. బరువు దాదాపు 90 గ్రాములు. 5 మీటర్ల వెడల్పు వాగులో 3 అంగుళాల మూతి పెట్టి ఒక్క నిమిషం ఉంచితే ఆ ఒక్క రాయి పడిందనుకోండి. దాన్ని మొత్తం వెడల్పుకి, గంటకి లెక్కగడితే ఎంత? దాదాపు 350 కిలోలు! ఒక్క రాయి, 350 కిలోలు. నిజానికి ఒక్కచోట పెట్టి ఊరుకోరు, అడ్డంగా ఒక ఇరవై చోట్ల పెట్టి సగటు తీస్తారు. మిగతా పందొమ్మిది చోట్ల సున్నా వచ్చినా, ఆ ఒక్క రాయి వల్ల గంటకి 17 కిలోల పైనే దొర్లినట్టు రికార్డవుతుంది. ఇంతకీ ఆ రాయి వాగు తోస్తే వచ్చిందా, మనం పరికరం దించుతున్నప్పుడు దాని మూతి తగిలి కదిలి లోపల పడిందా? దానికితోడు ఆ మూతి ఆకారం వల్ల నీళ్ళు లోపలికి బయటకన్నా వేగంగా లాగబడతాయి. చెప్పేవాడెవడు?

2000ల మొదట్లో బుంటే, ఆబ్ట్, వాళ్ళ తోటివాళ్ళు వేరే దారి పట్టారు. 30 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తున్న అల్యూమినియం చట్రం. దాన్ని ముందే వాగు అడుగున పరిచిన పలక మీద బిగించి, వెనక పొడవాటి వల కట్టి, గంటసేపు దాకా వదిలేయడం. అడుగుని గెలకడం లేదు. పైన చెప్పిన రాయే గంటలో ఒకటి పడితే, అదే 5 మీటర్ల వాగుకి ఒక్క చట్రం లెక్కన ఒకటిన్నర కిలో అవుతుంది. 350 ఎక్కడ, ఒకటిన్నర ఎక్కడ!

కొలరాడో, వయోమింగ్ కొండవాగుల్లో ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి కొలిచి 2004లో ప్రచురించారు. నీరు తక్కువున్నప్పుడు హెల్లీ-స్మిత్ చూపించేది వల కంటే వంద రెట్లు, ఒక్కోచోట వెయ్యి రెట్లు కూడా ఎక్కువ. వాగు గట్లదాకా నిండి పారేటప్పుడు, ఇంకా పైకి పోతే, రెండు లెక్కలూ దగ్గరపడతాయి. అంటే తేడా ఒకే గుణకం కాదు, ప్రవాహంతోపాటు మారుతుంది. నేను ముద్దుగా గీసిన ఒకే గీతలో సగం చుక్కలు ఒక గీతవి, సగం ఇంకో గీతవి అన్నమాట.

"అయితే ఏమైంది, రాళ్ళే కదా" అంటారా? అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో వాగు నీటి మీద హక్కులు కోర్టుల్లో తేల్చుకుంటారు. అడవుల శాఖ "వాగు తన దారి తాను బతికించుకోవాలంటే ఇంత నీరు వదలాలి" అని వాదించడానికి ఇలాంటి కొలతలే ఆధారం. ఐడహోలో 1990లలో ముప్పై పైచిలుకు వాగుల్లో, నదుల్లో హెల్లీ-స్మిత్‌తో కొలిచిన లెక్కల వెనక కథ అదే. హెల్లీ-స్మిత్ గీత చదునుగా ఉంటుంది. మామూలు ప్రవాహం కూడా రాళ్ళని బాగానే మోస్తోందని చెబుతుంది. వల గీత నిటారుగా ఉంటుంది. అసలు పనంతా ఏడాదిలో ఆ నాలుగు పొంగు రోజుల్లోనే జరుగుతోందంటుంది. ఎన్ని నీళ్ళు వదలాలి, ఏ రోజుల్లో వదలాలి అన్న జవాబు ఏ గీతని నమ్మావన్నదాని మీద ఉంది. కింద ఒక రైతు, మధ్యలో ఒక ఊరు, పైన ఒక డ్యాం. ఆ రెండక్షరాల కాలమ్ విలువ అదీ.

ఇక్కడిదాకా చదివి "అంటే పాత డేటా చెత్తే కదా, నేను ముందే చెప్పా" అనేవాళ్ళుంటారు. ఆగండి. నా అసలు గొడవ మీతోనే.

వయోమింగ్‌లో ఈస్ట్ ఫోర్క్ అని ఒక నది. అక్కడ 1973 నుంచి 1979 దాకా లియోపోల్డ్, ఎమ్మెట్ బృందం నది అడ్డంగా అడుగున కాంక్రీటు కందకం కట్టి, అందులో రబ్బరు కన్వేయర్ బెల్టు పెట్టారు. నది మొత్తం వెడల్పున దొర్లి వచ్చిన ప్రతీదీ కందకంలో పడాలి, బెల్టు మీద గట్టుకి రావాలి, తూకం వేయాలి, మళ్ళీ నదిలో కలిపేయాలి. దాన్ని కొలబద్దగా పెట్టుకుని హెల్లీ-స్మిత్‌ని పరీక్షిస్తే, అర మిల్లీమీటరు నుంచి 16 మిల్లీమీటర్ల దాకా ఉన్న ఇసుక, సన్న గులక విషయంలో అది దాదాపు సరిగ్గానే పడుతోందని ఎమ్మెట్ 1980లో తేల్చాడు. పోనీ కొత్త వల అన్నిటికీ మందా? దాని రంధ్రాలు దాదాపు 4 మిల్లీమీటర్లు. ఇసుక గురించి దాన్ని అడిగితే ఏమీ చెప్పదు. కాబట్టి పాతది తప్పు, కొత్తది ఒప్పు అని కాదు. రెండూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. ఏ ప్రశ్నకి జవాబో రాసిపెట్టుకుంటే రెండూ బంగారమే.

పాత లెక్కలు ఎంత బంగారమో చెప్పడానికి నాకిష్టమైన ఉదాహరణలు రెండున్నాయి.

మొదటిది ఓక్ క్రీక్. ఆరెగాన్ రాష్ట్రంలో చిన్న వాగు. మిల్‌హౌస్ అనే పరిశోధక విద్యార్థి 1969-71 మధ్య అక్కడ వాగు అడుగున అడ్డంగా ఒక గాడి ఏర్పాటు చేసి, నీటి సుడితో రాళ్ళని పక్కకి లాగి పట్టాడు. 1973లో థీసిస్ రాశాడు. ఎంత పడిందన్నదే కాకుండా ఏ సైజువి ఎంత పడ్డాయో కూడా రాసుకున్నాడు. 1982లో పార్కర్, అతని సహచరులు ఆ లెక్కలే తీసి, పెద్ద రాళ్ళూ చిన్న రాళ్ళూ దాదాపు ఒకే ప్రవాహం దగ్గర కదలడం మొదలెడతాయి అని వాదించారు. తర్వాత డిప్లాస్, కోమార్ లాంటివాళ్ళు అవే సంఖ్యలు మళ్ళీ తీసి, అంత సమానమేం కాదు, ప్రవాహం పెరిగేకొద్దీ దొర్లే రాళ్ళ సైజు కూడా పెరుగుతోంది చూడండి అన్నారు. ఒక కుర్రాడు చలికాలం వానల్లో తడుస్తూ రాసుకున్న పట్టిక మీద దశాబ్దాలు వాదించుకున్నారు. సైజుల కాలమ్ అక్కర్లేదని ఎవరైనా పడేసి ఉంటే?

రెండోది సివిల్ వాళ్ళందరికీ తెలిసిందే, మేయర్-పీటర్, ముల్లర్ ఫార్ములా. 1948 నాటిది. జూరిక్ ప్రయోగశాలలో చేసిన ప్రయోగాల ఆధారంగా వచ్చింది. నేను పరీక్ష ముందు రోజు రాత్రి బట్టీ పట్టి, తెల్లారి రాసి, సాయంత్రానికి మర్చిపోయిన ఫార్ములా. అందులో 8 అనే గుణకం ఉంటుంది. 2006లో వాంగ్, పార్కర్ (ఇందాకటి పార్కరే) ఆ ఇద్దరూ వాడిన పాత ప్రయోగాల సంఖ్యలే మళ్ళీ తీసి లెక్కేశారు. ఆ ప్రయోగాల్లో అడుగు చదునుగానే ఉంది, కాబట్టి వాళ్ళు కలిపిన ఒక గరుకుదనం సవరణ అవసరమే లేదని తేలింది. సవరణ తీసేస్తే 8 కాస్తా దాదాపు 4 అయ్యింది. అంటే చదునైన అడుగు మీద పాత ఫార్ములా రెట్టింపుకి పైగా చెప్తోంది. 58 ఏళ్ళు! పుస్తకాల్లో, డిజైన్లలో, మా పరీక్షల్లో. ఇక్కడ గమనించాల్సిందేంటంటే, తప్పు కొలతల్లో లేదు, వాటిని చదివిన తీరులో ఉంది. ఆ తప్పు పట్టుకోగలిగింది కూడా అసలు కొలతలు మిగిలుండబట్టే. ఫార్ములా మాత్రమే మిగిలి ఉంటే ఈరోజుకీ 8 అనే రాసేవాళ్ళం.

ఇంకోటి కూడా చెప్పి ముగిస్తా. రాయి కదలడం మొదలెట్టే హద్దుని ఒక స్థిరాంకంలాగా మనకి నేర్పారు. 1997లో బఫింగ్టన్, మాంట్‌గోమరీ అనేవాళ్ళు ఎనిమిది దశాబ్దాల ప్రయోగాలన్నీ కుప్పబోసి చూశారు. కంటితో చూసి "అదిగో కదిలింది" అని తేల్చినవాళ్ళకి ఆ హద్దు 0.030 నుంచి 0.073 దాకా వచ్చింది. కొలిచిన గీతని కిందికి పొడిగించి తేల్చినవాళ్ళకి 0.052 నుంచి 0.086 దాకా. రాయి అదే. "కదలడం" అంటే ఏంటన్నదాంట్లోనే తేడా.

ఇదంతా ఎక్కడో అమెరికా, స్విట్జర్లాండ్ గొడవ అనుకోకండి. మాది అనంతపురం జిల్లా. మా పొలానికి తుంగభద్ర హెచ్.ఎల్.సి. నీళ్ళు. ఆ డ్యాం 1953లో 132 టీఎంసీల పైన పట్టేది. పూడికతో తగ్గుతూ వచ్చింది. 2008 సర్వేలో 100.855 టీఎంసీలన్నారు. 2016 సర్వేలో 105.788 అన్నారు. నేను సివిల్ చదువుతున్న రోజుల్లోనే మా నాన్న ఒకసారి అడిగాడు. "ఏమప్పా, డ్యాంలో నీళ్ళు పట్టేది పెరిగిందంట గదా, పూడిక ఎవురు తీసినారు?" ఎవరూ తీయలేదు నాన్నా అన్నాను. "మరి యెట్ల పెరిగె? ఇంజినీరింగు చదవతాండావు, ఆమాత్రం తెల్దా?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను. అక్కడ మేట వేసేది సన్న ఒండ్రు, కొండవాగు రాళ్ళతో పోలిక లేదు. కానీ ప్రశ్న మాత్రం ఆ అమెరికా పెద్దాయన అడిగిందే. ఏ లెక్క దేంతో కొలిచారు? డ్యాం తనంతట తాను పూడిక తీసుకోదు. ఆ 5 టీఎంసీలు కొలతల మధ్య తేడాలోంచే వచ్చుండాలి. మూడు రాష్ట్రాలు వాటాలేసుకునే చోట 5 టీఎంసీలంటే మాటలా? ఈ రెండు అంకెల్ని ఒకే గ్రాఫులో పెట్టి గీత గీసేవాడు ఎవడో ఒకడు ఉండే ఉంటాడు, నాలాంటివాడు.

నా అభిప్రాయం ఇంతే. ఏ సంఖ్యా ఒంటరిగా సంఖ్య కాదు. ఎవరు, దేంతో, ఎంతసేపు కొలిచారన్నది కూడా దాంట్లో భాగమే. దాన్ని తీసేశాక మిగిలేది అంకె మాత్రమే. మనం చేసే మైగ్రేషన్లలో అన్నిటికన్నా ముందు ఎగిరిపోయేది ఆ భాగమే, ఎందుకంటే అది గజిబిజిగా ఉంటుంది, సగం ఖాళీగా ఉంటుంది, ఏ టైపులోనూ ఇమడదు. "ఒక గుణకంతో సరిచేసేద్దాం" అన్నది రెండో తప్పు. వల, హెల్లీ-స్మిత్ మధ్య తేడా వాగు వాగుకీ, ప్రవాహం ప్రవాహానికీ మారుతుందని చూశాం కదా. సరిచేయాలనుకుంటే పక్కన కొత్త కాలమ్ పెట్టి అందులో సరిచేయండి. పాతదాన్ని ముట్టుకోవద్దు. మీకన్నా తెలివైనవాడు ముప్పై ఏళ్ళ తర్వాత రావచ్చు, వాడికి అసలుది కావాలి.

"క్లయింటు అడగలేదు, ఎస్టిమేట్‌లో లేదు, ఎవడు చూస్తాడు" అని మీరు అంటారని తెలుసు, నేనూ అన్నాను. క్లయింటు అడగలేదన్నది నిజమే. వాళ్ళకి అది ఎంత సహజమంటే, దాన్ని ఎవడైనా పడేస్తాడని వాళ్ళకి తట్టదు. డాక్టరు చీటీ మీద రోగి పేరు ఉంచండి అని ఎవరైనా ప్రత్యేకంగా చెప్తారా?

ఇంతకీ నా పని ఏమైందంటారా? అసలు షీట్లు చాలావరకు ఉన్నాయి కాబట్టి రెండు వారాంతాలు కూచుని కాలమ్‌లు తిరిగి కలిపాను. కొన్ని షీట్లలో మాత్రం ఆ వివరం సెల్ పక్కన కామెంటులా రాసి ఉంది. నేను వాటిని సీఎస్‌వీగా మార్చి అసలు ఫైళ్ళ మీదే సేవ్ చేశాను. కామెంట్లు పోయాయి. వందకి పైగా వరసలకి ఇప్పుడు శాంప్లర్ కాలమ్‌లో "తెలియదు" అని ఉంది. ఆ పెద్దాయన తిట్టలేదు. "ఆ రోజుల్లో నేనే నీళ్ళలో నిలబడ్డాను, కొన్ని గుర్తు తెచ్చుకుంటాను" అన్నాడు. తిడితే బాగుండేది.

మీ దగ్గర కూడా ఇలాంటి కాలమ్ ఒకటి ఉండే ఉంటుంది. సోమవారం ఆఫీసుకెళ్ళి ఒకసారి చూడండి. చెరిపే ముందు ఎవరినైనా అడగండి.

తా.క.: మొన్న ఊరెళ్ళినప్పుడు నాన్నకి తుంగభద్ర లెక్క సంగతి పూర్తిగా వివరించాను. అంతా విని, "అంటే కొలిచే కుంచం మారింది అను, దానికింత కతా?" అన్నాడు. ఇంత రాసే బదులు ఆ ఒక్క మాట రాస్తే సరిపోయేది.